స్టోరేజ్ స్విచ్ అప్‌లింకుల మీద లాగిన్ల బరువును సర్దడం ఎలా

చెడిపోయిన ఎస్‌ఎఫ్‌పీని (పోర్టులో గుచ్చే ఆప్టికల్ మాడ్యూల్) రాత్రి ఒంటిగంటకు మార్చారు. నాలుగో అప్‌లింక్ (సర్వర్లు తగిలిన అంచు స్విచ్ నుంచి కోర్ స్విచ్‌కు పోయే లింక్) మళ్లీ పైకి వచ్చింది, పోర్టు దీపం పచ్చగా వెలిగింది, టికెట్ మూసేశారు. మర్నాడు రాత్రి బ్యాకప్ మొదలయ్యే వేళకు మొదటి అప్‌లింక్ నిండిపోతుంది, డేటాబేస్ బృందం నుంచి ఫోన్ వస్తుంది. మీరు స్విచ్‌లోకి వెళ్లి చూస్తే మూడు అప్‌లింకుల మీద ఎనిమిదేసి సర్వర్లు ఉంటాయి, నాలుగో దాని మీద ఒక్కటి కూడా ఉండదు. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపో ఎలక్ట్రానిక్ సిటీ వైపో డేటా సెంటర్లలో స్టోరేజ్ షిఫ్టు చేసేవారికి ఇది కొత్త దృశ్యం కాదు. కొత్తగా చేరిన తమ్ముళ్లు "అన్నా, లింక్ పైకి వచ్చింది కదా, ట్రాఫిక్ ఎందుకు రాలేదు?" అని నన్ను చాలాసార్లు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు, ఆ తర్వాత చేయవలసిన పని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇది ఎన్‌పీవీ పద్ధతిలో నడిచే ఫైబర్ చానల్ స్విచ్‌లకు, అంటే సర్వర్లను స్టోరేజ్‌కు కలిపే స్విచ్‌లకు, సంబంధించిన విషయం. ఆదేశాలు సిస్కో ఎండీఎస్, నెక్సస్ స్విచ్‌లవి; వాటిని మనం నోటితో చెప్పుకునే తీరులోనే తెలుగు లిపిలో రాశాను.

లాగిన్లు వాటంతట అవి ఎందుకు కదలవు

సర్వరులోని హెచ్‌బీఏ (స్టోరేజ్ నెట్‌వర్క్ కార్డు) మేల్కొనగానే ఫ్యాబ్రిక్‌కు, అంటే స్విచ్‌లన్నీ కలిసిన నెట్‌వర్క్‌కు, ఫ్లోగీ అనే లాగిన్ అభ్యర్థన పంపుతుంది. మామూలు స్విచ్ అయితే దానికి తానే జవాబిచ్చి, 24 బిట్ల ఎఫ్‌సీఐడీ చిరునామాను కేటాయిస్తుంది. ఆ చిరునామాలో మొదటి 8 బిట్లు స్విచ్ డొమైన్ సంఖ్య. ఒక ఫ్యాబ్రిక్‌లో వాడుకోగల డొమైన్ సంఖ్యలు 239 మాత్రమే కాబట్టి, ర్యాక్‌కు ఒకటి చొప్పున పెట్టే చిన్న స్విచ్‌లకు కూడా డొమైన్లు పంచుకుంటూ పోవడం మంచిది కాదు. ఎన్‌పీవీ పుట్టింది ఇందుకే. ఎన్‌పీవీ పద్ధతిలో ఉన్న అంచు స్విచ్‌కు సొంత డొమైన్ ఉండదు. సర్వర్ల నుంచి వచ్చిన ఫ్లోగీలను అది ఎఫ్‌డిస్క్‌లుగా (ఇప్పటికే లాగిన్ అయిన పోర్టు మీదే అదనపు లాగిన్ అడిగే అభ్యర్థనలు) మార్చి అప్‌లింక్ మీదుగా కోర్ స్విచ్‌కు పంపుతుంది. ఒకే పోర్టు మీద ఇన్ని లాగిన్లను అనుమతించడానికి కోర్ స్విచ్‌లో ఎన్‌పీఐవీ సౌకర్యం తెరిచి ఉండాలి.

సర్వర్ పోర్టు లాగిన్ అయ్యే క్షణంలో అంచు స్విచ్ తన దగ్గర ఉన్న అప్‌లింకుల్లో, అదే వీశాన్‌కు (స్విచ్‌లో విడదీసిన వర్చువల్ స్టోరేజ్ నెట్‌వర్క్) చెందినవాటిలో, తక్కువ భారం ఉన్నదాన్ని ఎంచుకుని ఆ సర్వరును దానికి కట్టేస్తుంది. అక్కడ భారమంటే లాగిన్ల లెక్కే గానీ, వాటి మీద ప్రవహించే డేటా కాదు. కట్టిన తర్వాత ఆ సెషన్ ఉన్నంతకాలం సర్వర్ ట్రాఫిక్ అంతా ఆ ఒక్క అప్‌లింక్ మీదుగానే పోతుంది. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ టోల్ గేటు దగ్గర వరుసల మధ్య అడ్డుగోడలు ఉన్నచోట ఒకసారి దూరిన కారు, పక్కన కొత్త వరుస తెరిచినా అటు మారలేదు. మారాలంటే వెనక్కి వెళ్లి మళ్లీ రావాలి. సర్వర్ కూడా అంతే: కొత్త అప్‌లింక్‌కు మారాలంటే లాగిన్ తెగి, మళ్లీ లాగిన్ కావాలి.

అందువల్ల అప్‌లింక్ పడిపోయినప్పుడు దాని మీది సర్వర్లు మళ్లీ లాగిన్ అయి మిగతావాటి మీదికి చేరతాయి, ఎందుకంటే వాటికి వేరే దారి లేదు. అప్‌లింక్ తిరిగి లేచినప్పుడు మాత్రం స్విచ్ ఎవరినీ కదపదు, ఎందుకంటే కదపడమంటే నడుస్తున్న ఐఓను (డిస్కుతో జరిగే రీడ్, రైట్లు) తెంచడమే. స్విచ్ చేస్తున్నది సరైన పనే. తెంచాలా వద్దా, ఎప్పుడు తెంచాలి అన్నది మనం నిర్ణయించాలి.

ముందు చూడండి, తర్వాత తూచండి

అంచు స్విచ్‌లో 'షో ఎన్‌పీవీ స్టేటస్' ఇవ్వండి. అప్‌లింకులు ఏవి పైకి ఉన్నాయో, ఒక్కొక్కటి ఏ వీశాన్‌లో ఉందో కనిపిస్తుంది. ఖాళీగా ఉన్న అప్‌లింక్ అసలు వేరే వీశాన్‌లో ఉంటే మీరు ఎన్నిసార్లు లాగిన్లు తిప్పినా దాని మీదికి ఒక్కటీ రాదు. పోర్టు మార్చినప్పుడు వీశాన్ కేటాయింపు మరిచిపోవడం చాలా మామూలు పొరపాటు కాబట్టి దీన్ని మొదటే సరిచూసుకోండి.

తర్వాత 'షో ఎన్‌పీవీ ఫ్లోగీ-టేబుల్' ఇవ్వండి. ఒక్కో వరుసలో సర్వర్ పోర్టు, వీశాన్, ఎఫ్‌సీఐడీ, పోర్ట్ నేమ్ (హెచ్‌బీఏ పోర్టు గుర్తింపు సంఖ్య), చివరి గడిలో అది కట్టుబడిన అప్‌లింక్ వస్తాయి. దీన్ని ఎక్సెల్ షీటులోకి ఎక్కించి చివరి గడి ప్రకారం వరుసపెట్టండి. వర్చువల్ మెషీన్లకు విడిగా లాగిన్లు ఇచ్చిన హోస్టులు ఉంటే ఒకే భౌతిక పోర్టు పేరు పలు వరుసల్లో కనిపిస్తుంది. అందుచేత వరుసలను మాత్రమే లెక్కపెట్టకండి, సర్వర్ పోర్టులను కూడా లెక్కపెట్టండి. ఈ షీటును పనికి ముందటి నకలుగా దాచండి, చివర్లో దానితో పని ఉంటుంది.

ఇక్కడిదాకా అందరూ చేస్తారు. చాలామంది ఆగిపోయేది కూడా ఇక్కడే. 8, 8, 8, 0 అన్న లెక్కను 6, 6, 6, 6 చేసి పని అయిపోయిందని అనుకుంటారు. కావడికి రెండు వైపులా ఒక్కో కుండే ఉన్నా ఒకదాన్లో నీళ్లు, ఒకదాన్లో గాలి ఉంటే భుజం ఒరిగిపోతుంది. ఇక్కడా కుండల లెక్క చాలదు.

16 గిగాబిట్ ఫైబర్ చానల్ లింక్ ఒక్కో దిశలో సుమారు సెకనుకు 1,600 మెగాబైట్లు మోస్తుంది. ఉదాహరణకు మొదటి అప్‌లింక్ మీది 8 సర్వర్లలో రెండు బ్యాకప్ సర్వర్లు ఉన్నాయనుకుందాం. రాత్రి 11 గంటలకు ఒకటి 800, మరొకటి 600 మెగాబైట్లు లాగుతుంటే మిగిలిన ఆరింటికి కలిపి 200 మిగులుతుంది. రెండో, మూడో అప్‌లింకులు ఆ వేళలో 300 కూడా దాటకపోవచ్చు. లాగిన్ల లెక్క చూస్తే మూడూ సమానమే. కాబట్టి పని ఎక్కువగా ఉండే గంటలో, అంటే బ్యాకప్ వేళలోనో నెలాఖరు లెక్కల వేళలోనో, ప్రతి సర్వర్ పోర్టుకూ ప్రతి అప్‌లింక్‌కూ 'షో ఇంటర్‌ఫేస్' ఇచ్చి సగటు రేటును రాసుకోండి. మధ్యాహ్నం తీసిన అంకెలతో రాత్రి సమస్య తేలదు. కనీసం మూడు రాత్రుల అంకెలు చేతిలో ఉంటే నేను నమ్ముతాను, ఒక్క రాత్రివి అయితే నమ్మను.

తూచవలసింది ఇంకొకటి ఉంది, అది క్రెడిట్ల కొరత. ఫైబర్ చానల్‌లో అవతలి పోర్టు బఫర్ ఖాళీగా ఉందని క్రెడిట్ ఇస్తేనే ఇవతలి పోర్టు ఫ్రేమ్ పంపుతుంది. ఒక సర్వర్ పాత హెచ్‌బీఏతోనో, తట్టుకోలేనంత రీడ్ అభ్యర్థనలతోనో నెమ్మదిస్తే దానికి రావలసిన ఫ్రేములు అంచు స్విచ్‌లో, అంటే అప్‌లింక్ పోర్టు దగ్గర, పేరుకుపోతాయి. అప్పుడు కోర్ స్విచ్‌కు క్రెడిట్లు తిరిగి రావు, ఆ అప్‌లింక్‌ను పంచుకుంటున్న మిగతా సర్వర్లన్నీ ఏ తప్పూ లేకుండా ఆగిపోతాయి. చిత్రమేమిటంటే, ఆ సమయంలో లింక్ వాడకం తక్కువగానే కనిపిస్తుంది. రీడ్ డేటా కోర్ నుంచి అంచుకు వస్తుంది కాబట్టి దీన్ని కోర్ స్విచ్ వైపు పోర్టులో చూడాలి. ఎండీఎస్‌లో 'షో ఇంటర్‌ఫేస్ కౌంటర్స్' ఇచ్చి టీఎక్స్‌వెయిట్ అన్న అంకె పట్టుకోండి. క్రెడిట్ లేక వేచి ఉన్న కాలాన్ని అది 2.5 మైక్రోసెకన్ల ముక్కలుగా లెక్కిస్తుంది. పది నిమిషాల తేడాతో రెండుసార్లు తీసినప్పుడు ఆ అంకె 4 కోట్లు పెరిగితే, 2.5తో గుణించగా 10 కోట్ల మైక్రోసెకన్లు, అంటే 600 సెకన్లలో 100 సెకన్లు ఆ పోర్టు చేతులు కట్టుకుని నిలబడి ఉందని అర్థం. అటువంటి అప్‌లింక్ మీది సర్వర్లను ఊరికే తిప్పితే రోగం ఒక అప్‌లింక్ నుంచి ఇంకొక అప్‌లింక్‌కు మారుతుంది తప్ప తగ్గదు. నెమ్మదిస్తున్న సర్వరును కనిపెట్టి ముందు దాన్ని విడిగా కూర్చోబెట్టాలి.

రెండో దారి నిజంగా ఉందా

స్టోరేజ్ నెట్‌వర్క్‌ను ఎ, బి అని రెండు విడి ఫ్యాబ్రిక్‌లుగా కడతారు. ప్రతి సర్వరుకూ ఎ ఫ్యాబ్రిక్‌లో ఒకటి, బి ఫ్యాబ్రిక్‌లో ఒకటి కనీసం రెండు దారులు ఉంటాయి కాబట్టి ఎ లో లాగిన్ తెంచినా ఐఓ బి మీదుగా నడుస్తుందని మనం అనుకుంటాం. అనుకోవడం వేరు, చూడటం వేరు. ఈ దారులను సర్వరులో చూసుకునే సాఫ్ట్‌వేరే మల్టీపాత్. లినక్స్ సర్వరులో 'మల్టీపాత్ -ఎల్ఎల్' ఇచ్చి ప్రతి లన్‌కూ (స్టోరేజ్ నుంచి సర్వరుకు ఇచ్చిన డిస్కు) రెండు ఫ్యాబ్రిక్‌ల దారులూ 'యాక్టివ్ రెడీ రన్నింగ్' అని చూపిస్తున్నాయో లేదో చూడండి. వీఎమ్‌వేర్ హోస్టుల్లో ప్రతి డేటాస్టోర్‌కూ రెండు హెచ్‌బీఏల నుంచి బతికున్న దారులు ఉన్నాయో లేదో చూడండి. కదపబోయే ఒక్కో సర్వరుకూ ఈ పని చేయాలి. పదిలో తొమ్మిది చూసి ఊరుకుంటే వదిలేసిన ఆ ఒక్కటే మెడకు చుట్టుకుంటుంది.

ఇది నాకు అనుభవమే. కొన్నేళ్ల కిందట బెంగళూరులో ఒక సంస్థ డేటా హాలులో, కొత్త అప్‌లింక్ వేసే రాత్రి, లాగిన్లు వాటంతట అవే పంచుకుంటాయని నేను ఆటో లోడ్ బ్యాలెన్స్ ఆదేశాన్ని ముందుగానే తెరిచి ఉంచాను. కొత్త ఎస్‌ఎఫ్‌పీ సరిగా కూర్చోలేదు. లింక్ లేచింది, పడింది, మళ్లీ లేచింది. లేచిన ప్రతిసారీ స్విచ్ కొన్ని సర్వర్లను పీకి దాని మీద వేసింది, పడిన ప్రతిసారీ అవి మళ్లీ వెనక్కి పరిగెత్తాయి. మల్టీపాత్ ఉన్న సర్వర్లు తట్టుకున్నాయి. ఒక్క డేటాబేస్ సర్వరుకు మాత్రం బి ఫ్యాబ్రిక్ కేబుల్ ఎప్పటినుంచో సగం ఊడి ఉంది, అది ఎవరూ గమనించలేదు. ఆ సర్వర్ ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ అయిపోయింది. కేబుల్ తిరిగి లోపలికి నొక్కగానే 'టిక్' మన్న చిన్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ చప్పుడు మూడు గంటల ముందు విని ఉంటే ఆ డేటాబేస్ పడేది కాదు. తప్పు పూర్తిగా నాదే. అప్పటినుంచి మల్టీపాత్ జాబితా కళ్లతో చూడకుండా ఏ పోర్టునూ షట్ చేయలేదు.

ఇంకొన్ని జాగ్రత్తలు క్లుప్తంగా చెబుతాను. టేప్ డ్రైవులకు డిస్కుల మాదిరి మల్టీపాత్ రక్షణ ఉంటుందని లెక్కవేయకండి. బ్యాకప్ సర్వరును కదిపేటప్పుడు ఏ జాబూ నడుస్తూ ఉండకూడదు. జోనింగ్ (ఏ సర్వర్ ఏ స్టోరేజ్‌ను చూడవచ్చో చెప్పే అమరిక) పోర్ట్ నేమ్‌ల మీద ఉంటే లాగిన్ ఏ అప్‌లింక్ నుంచి వచ్చినా పనిచేస్తుంది, స్విచ్ పోర్టుల మీద కట్టి ఉంటే మాత్రం ముందు దాన్ని మార్చుకోవాలి. అప్‌లింకులు రెండు వేర్వేరు కోర్ స్విచ్‌లకు పోతుంటే, కదిలిన సర్వరుకు డొమైన్ మారి ఎఫ్‌సీఐడీ కూడా మారుతుంది. ఏఐఎక్స్ సర్వర్లలో అటువంటి మార్పును తట్టుకోవడానికి డైనమిక్ ట్రాకింగ్ తెరిచి ఉండాలి. పాత హెచ్‌పీ-యూఎక్స్ పెట్టెలు ఉంటే ఎఫ్‌సీఐడీ మారితే డిస్కు పేర్లే మారిపోతాయి కాబట్టి వాటిని అదే కోర్ స్విచ్‌కు పోయే అప్‌లింకుల మధ్యనే తిప్పండి.

కదపడం

మార్గాలు మూడు ఉన్నాయి. నాకు నచ్చింది మొదటిది, చేత్తో ఒక్కొక్కటిగా కదపడం.

చేంజ్ విండోలో (మార్పులకు అనుమతి ఉన్న వేళలో) ఎ ఫ్యాబ్రిక్ అంచు స్విచ్‌ను మాత్రమే తెరవండి. మొదటి అప్‌లింక్ నుంచి తీయదలచిన సర్వర్ పోర్టును 'షట్' చేయండి. సర్వరులో దారి పోయిందని మల్టీపాత్ గుర్తించి ఐఓ బి వైపు సాగుతోందని చూసుకున్నాక 'నో షట్' ఇచ్చి పోర్టును మళ్లీ తెరవండి. లాగిన్ మళ్లీ జరిగేటప్పుడు తక్కువ భారం ఉన్నది నాలుగో అప్‌లింకే కాబట్టి స్విచ్ దాన్నే ఎంచుకుంటుంది. ఫ్లోగీ టేబుల్‌లో చివరి గడి మారిందని, సర్వరులో దారులన్నీ తిరిగి 'యాక్టివ్ రెడీ రన్నింగ్'కు వచ్చాయని రెండూ చూశాకే రెండో సర్వర్ జోలికి వెళ్లండి. దారి తిరిగి కనిపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది, తొందరపడకండి. మూడు అప్‌లింకుల నుంచి రెండేసి చొప్పున తీస్తే లెక్క 6, 6, 6, 6 అవుతుంది. అయితే ఏ రెండు అన్నది మీరు తూచిన బరువును బట్టి తేల్చుకోవాలి. పై ఉదాహరణలో 600 మెగాబైట్ల బ్యాకప్ సర్వరును తప్పనిసరిగా మొదటి అప్‌లింక్ నుంచి తీయాలి, దానితోపాటు నాలుగో దానికి పంపేవన్నీ తేలికవి కావాలి. లెక్క 6, 6, 7, 5గా మిగిలినా బరువు సరిపోతే అలాగే వదిలేయండి.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. సర్వర్ రీబూట్ అయినా, అంచు స్విచ్ రీలోడ్ అయినా మీరు సర్దిన అమరిక చెదిరిపోవచ్చు, ఎందుకంటే పోర్టు మళ్లీ పైకి వచ్చినప్పుడు పాత అప్‌లింకే దొరుకుతుందన్న హామీ లేదు. బ్యాకప్ సర్వర్ల వంటి బరువైనవాటిని, క్రెడిట్లు తినే నెమ్మది సర్వర్లను స్థిరంగా ఒకచోట ఉంచాలంటే ట్రాఫిక్ మ్యాప్ రాయాలి. 'ఎన్‌పీవీ ట్రాఫిక్-మ్యాప్ సర్వర్-ఇంటర్‌ఫేస్' అని సర్వర్ పోర్టు చెప్పి, 'ఎక్స్‌టర్నల్-ఇంటర్‌ఫేస్' అని అప్‌లింకులను చెప్పాలి. అప్పటికే నడుస్తున్న లాగిన్‌ను ఈ ఆదేశం కదపదు. షట్, నో షట్ చేశాకే అమల్లోకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది: మ్యాప్‌లో చెప్పిన అప్‌లింకులన్నీ పడిపోతే, పక్కన వేరే అప్‌లింకులు ఖాళీగా ఉన్నా ఆ సర్వర్ పోర్టు పైకి రాదు. కాబట్టి ఒక్క అప్‌లింక్‌కే మ్యాప్ చేయకండి, ఎప్పుడూ రెండు ఇవ్వండి. సర్వర్లన్నిటికీ మ్యాపులు రాసి పెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. రెండేళ్లకు ఆ మ్యాపులు ఎందుకు రాశారో తెలిసినవారు ఆ బృందంలో ఉండరు. బరువైన మూడు నాలుగింటికి చాలు.

రెండో మార్గం 'ఎన్‌పీవీ ఆటో-లోడ్-బ్యాలెన్స్ డిస్‌రప్టివ్'. దాని పేరులోనే హెచ్చరిక ఉంది. సర్వర్లు ఎక్కువగా ఉండి, అన్నిటికీ మల్టీపాత్ సరిచూసి ఉంటే దీన్ని వాడవచ్చు, కానీ వరుస తప్పకూడదు: ముందు కొత్త అప్‌లింక్ లేచి స్థిరంగా నిలవాలి, తర్వాత ఆదేశం ఇవ్వాలి, కదిలిన ప్రతి పోర్టు గురించీ లాగ్‌లో సందేశం చూసుకోవాలి, పని అయిన వెంటనే 'నో' పెట్టి ఆదేశాన్ని తీసేయాలి. తెరిచి వదిలేస్తే ఏమవుతుందో పైన చెప్పాను. ఇది కూడా లాగిన్ల లెక్కనే చూస్తుంది, బరువును చూడదు.

మూడోది పోర్ట్ చానల్, కొత్తగా కడుతున్నప్పుడు నేను మొదట అడిగేది ఇదే. అంచు, కోర్ రెండూ అనుమతిస్తే, కోర్‌లో ఎన్‌పీఐవీతోపాటు ఎఫ్-పోర్ట్ చానల్ ట్రంకింగ్ సౌకర్యాన్ని తెరిచి, నాలుగు అప్‌లింకులను ఒకే చానల్‌గా కట్టవచ్చు. ఒక చానల్‌లో 16 లింకుల వరకు చేరతాయి. అప్పుడు లాగిన్లు చానల్‌కు కట్టుబడతాయి గానీ లింక్‌కు కాదు. ఎండీఎస్ సాధారణంగా మూలం, గమ్యం, ఎక్స్చేంజ్ సంఖ్య (ఒక్కో రీడ్, రైట్‌కు ఉండే సంఖ్య) మూడింటినీ కలిపి లింకును ఎంచుకుంటుంది కాబట్టి ఒకే సర్వర్ నుంచి వచ్చే వేర్వేరు రీడ్, రైట్లు కూడా నాలుగు లింకుల మీద పంచుకుంటాయి. ఒక లింక్ పడినా లాగిన్ తెగదు, తిరిగి లేచినప్పుడు ఎవరినీ పీకనక్కరలేకుండానే ట్రాఫిక్ దాని మీదికి వస్తుంది. ఒక్క అభ్యంతరం ఉంది: నెమ్మదించే సర్వర్ ఎక్స్చేంజ్‌లు కూడా నాలుగు లింకుల మీదా పరుచుకుంటాయి కాబట్టి, విడి అప్‌లింకుల్లో ఒకదాన్ని మాత్రమే అడ్డగించిన సర్వర్ చానల్‌లో అన్నిటినీ అడ్డగించగలదు. అటువంటి సర్వరును గుర్తించి సరిచేశాకే చానల్ కట్టండి.

మీ అంచు స్విచ్ బ్రోకేడ్ యాక్సెస్ గేట్‌వే అయితే పద్ధతి కొంచెం వేరు. అక్కడ ఏ ఎఫ్-పోర్టు (సర్వర్ వైపు పోర్టు) ఏ ఎన్-పోర్టుకు (అప్‌లింక్ పోర్టు) పోవాలో ముందుగానే మ్యాప్ ఉంటుంది, 'ఏజీ మ్యాప్‌షో'తో దాన్ని చూడవచ్చు. ఫెయిల్‌బ్యాక్ తెరిచి ఉంటే అప్‌లింక్ లేవగానే సర్వర్లు తమ సొంత ఎన్-పోర్టుకు తిరిగి వస్తాయి, ఆ తిరుగు ప్రయాణంలోనూ లాగిన్ తెగుతుంది. ఊగిసలాడే ఎస్‌ఎఫ్‌పీ ఉన్నచోట దాన్ని మార్చేదాకా ఫెయిల్‌బ్యాక్‌ను ఆపి ఉంచండి.

బి ఫ్యాబ్రిక్‌కు ఎప్పుడు వెళ్లాలి

అదే రాత్రి మాత్రం కాదు. ఎ లో పని ముగిశాక 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' ఇచ్చి, కొత్త ఫ్లోగీ టేబుల్‌ను ముందటి షీటు పక్కన పెట్టి, సర్వర్ల సంఖ్య తగ్గలేదని లెక్కచూడండి. 24 ఉండవలసినచోట 23 ఉంటే ఆ ఒక్కటి దొరికేదాకా కుర్చీ వదలకండి. మర్నాడు బ్యాకప్ వేళలో మళ్లీ రేట్లు, టీఎక్స్‌వెయిట్ తీసి పాత అంకెలతో పోల్చండి. 1,600 దగ్గర ఆనుకుపోయిన అప్‌లింక్ వెయ్యికి లోపల నడుస్తూ, టీఎక్స్‌వెయిట్ పెరుగుదల ఆగి ఉంటే, మల్టీపాత్ జాబితాను మళ్లీ ప్రతి సర్వరులోనూ చూసి, ఈసారి ఎ దారులు గట్టిగా ఉన్నాయని తేల్చుకున్నాక, తర్వాతి విండోలో బి ఫ్యాబ్రిక్‌లో ఇదే పనిని ఇదే వరుసలో చేయండి.